రెండు కళ్లకూ ఒకేరోజు సూదా?

రెటీనా డాక్టరు స్కాన్ చూసి, "రెండు కళ్లలోనూ వాపుంది. ఇంజెక్షన్ రెండింటికీ ఈరోజే వేసేద్దామా?" అని అడిగితే, మనవాళ్ల దగ్గర సాధారణంగా రెండే జవాబులుంటాయి. "మీ ఇష్టం సార్" అనేవాళ్లు కొందరు. "అమ్మో, రెండూ ఒకేసారా! ఏదన్నా అయితే?" అని వెనక్కి తగ్గేవాళ్లు కొందరు. మొదటివాళ్లు నిర్ణయాన్ని డాక్టరుకు వదిలేశారు, రెండోవాళ్లు భయానికి వదిలేశారు. ఇంకో జవాబు కూడా ఉంది: "సరే డాక్టర్‌గారూ, రెండు కళ్లకీ మందూ సామానూ వేరువేరుగానే వాడతారు కదా?" ఈ ఒక్క ప్రశ్నలో ఎంత రక్షణ ఉందో ఈ అధ్యాయంలో చూద్దాం.

ఇది మీకోసమే కానక్కర్లేదు. అమ్మకో నాన్నకో తోడుగా ఆస్పత్రికి వెళ్లే కొడుకులు, కోడళ్లు, మనవలు కూడా చదవాలి. సూది వేయించుకునేవాళ్లు ఆ రోజు కంగారులో ఉంటారు. ప్రశ్న అడగాల్సింది ఎక్కువసార్లు పక్కనున్నవాళ్లే.

ఈ సూది దేనికి?

షుగర్ చాలాకాలంగా ఉన్నవాళ్లకు కంటి వెనకపొరలో, చూపుకు కేంద్రమైన మాక్యులా అనే చోట, సన్నటి రక్తనాళాలు కారి నీరు చేరొచ్చు. కొందరికి వయసు మీదపడ్డాక అక్కడే పిచ్చి రక్తనాళాలు మొలిచి రక్తం, నీరు వదులుతాయి. రెండింటి వెనకా వీఈజీఎఫ్ అనే ప్రొటీను ఉంటుంది. దాన్ని అణిచే మందుల్ని నేరుగా కంట్లోకి ఎక్కిస్తారు. బెవాసిజుమాబ్ (అవాస్టిన్), రానిబిజుమాబ్ (లుసెంటిస్, రజుమాబ్), అఫ్లిబర్సెప్ట్ (ఐలియా) అనే పేర్లు మీ ఫైల్లో కనిపించేవి ఇవే. వేసేది సాధారణంగా 0.05 మిల్లీలీటరు, అంటే దాదాపు ఒక చుక్క. కంట్లో నల్లగుడ్డు అంచు నుంచి మూడున్నర, నాలుగు మిల్లీమీటర్ల దూరంలో, తెల్లగుడ్డు మీద, చాలా సన్నని సూదితో వేస్తారు. మత్తు చుక్కలు వేస్తారు కాబట్టి నొప్పి తక్కువ. అసలు పని కొద్ది క్షణాల్లో అయిపోతుంది.

కష్టమంతా ఒక్క సూదితో పోకపోవడంలోనే ఉంది. అమెరికాలో షుగర్ వల్ల మాక్యులా వాచినవాళ్ల మీద ఈ మూడు మందుల్నీ పోల్చిన పెద్ద అధ్యయనం ఫలితాలు 2015లో వచ్చాయి. మొదటి ఏడాదిలోనే ఒక్కో కంటికి తొమ్మిది, పది ఇంజెక్షన్లు పడ్డాయి. షుగర్ రెండు కళ్లనూ పట్టడం మామూలే. ఒక్కో కంటికి ఒక్కో రోజు కేటాయిస్తే ఏడాదికి ఇరవై దాకా ప్రయాణాలు. ఆదిలాబాద్ పల్లె నుంచి హైదరాబాద్‌కో, శ్రీకాకుళం పల్లె నుంచి విశాఖకో ఇన్నిసార్లు రావాలంటే బస్సు ఛార్జీలు ఒక ఎత్తు, తోడొచ్చేవాళ్ల కూలి పోవడం ఒక ఎత్తు. అందుకే మూడో నెలకో నాలుగో నెలకో రాకపోకలు సన్నగిల్లుతాయి. "కొంచెం బాగానే ఉందిగా, పండగయ్యాక వెళ్దాం" అనిపిస్తుంది. వాపు మళ్లీ వస్తుంది. ఈసారి చూపు మొదట్లో తిరిగొచ్చినంత రాకపోవచ్చు.

రెండు కళ్లకూ ఒకేరోజు వేయడం వెనక ఉన్న కారణం ఇదే. ఇన్ఫెక్షన్ భయం కళ్లెదుట కనిపిస్తుంది. మానేసిన సూది చేసే నష్టం కనిపించదు. నిర్ణయం తీసుకునేటప్పుడు రెండింటినీ తూచాలి.

భయం న్యాయమైనదే, కానీ ఎంత?

అసలు భయపడాల్సింది కంట్లో చీము పట్టడం గురించి. డాక్టర్లు దాన్ని ఎండాఫ్తాల్మైటిస్ అంటారు. సూదితోపాటు సూక్ష్మక్రిమి లోపలికి వెళ్తే రెండు మూడు రోజుల్లో కన్ను ఎర్రబడి, నొప్పెట్టి, చూపు మసకబారుతుంది. వెంటనే పట్టుకుంటే కంట్లోంచి నమూనా తీసి, వాంకోమైసిన్, సెఫ్టాజిడిమ్ వంటి యాంటీబయాటిక్స్ కంట్లోకే ఎక్కిస్తారు. ముదిరితే ఆపరేషన్ చేయాలి. అన్నీ చేసినా కొందరికి చూపు పూర్తిగా తిరిగిరాదు.

ఇది ఎంతమందికి వస్తుంది? మంచి జాగ్రత్తలున్న చోట సుమారు రెండు, మూడు వేల ఇంజెక్షన్లకు ఒకటి. ఇక ఒకేరోజు రెండు కళ్లకూ వేస్తే? అమెరికాలోని ఫిలడెల్ఫియాకు చెందిన రెటీనా వైద్యులు ఇలా వేసిన లక్షకు పైగా ఇంజెక్షన్ల రికార్డులు తిరగేసి 2018లో ప్రచురించారు. 28 కళ్లలో ఇన్ఫెక్షన్ వచ్చింది. అంటే సుమారు 3,600 ఇంజెక్షన్లకు ఒకటి. ఆ 28 మందిలో ఒక్కరికి కూడా రెండో కంట్లో రాలేదు.

ఇక్కడ ఒక చిన్న లెక్క అర్థమైతే సగం భయం తగ్గుతుంది. ఈ నెల మీ రెండు కళ్లకూ సూది పడాలి. ఒకేరోజు వేసినా, వారం తేడాతో వేసినా సూదులు రెండే. ఒక్కో సూదికి ఉన్న ముప్పు తేదీని బట్టి పెరగదు. తేడా ఎక్కడొస్తుందంటే, రెండు కళ్లకూ ఒకేసారి కీడు జరిగే అవకాశంలో. ఒక్కో కంటి ముప్పు మూడు వేలలో ఒకటి అనుకుందాం. ఒకదానితో ఒకటికి సంబంధం లేకపోతే రెండింటికీ ఒకేసారి రావడమనేది 90 లక్షలలో ఒకటి.

"సంబంధం లేకపోతే" అన్న ఆ రెండు మాటల మీదే ఈ లెక్కంతా నిలబడింది.

సంబంధం ఎక్కడ పుడుతుంది?

బావి నీళ్లు చెడితే వాటితో నింపిన రెండు బిందెల్లో ఒకటి బాగుంటుందని ఆశపడలేం. మందు సీసా సంగతీ అంతే. అవాస్టిన్ అసలు క్యాన్సర్ మందు. అమెరికాలో 2004లో పెద్దపేగు క్యాన్సర్‌కు అనుమతి వచ్చింది. చిన్న సీసాలో కూడా 4 మిల్లీలీటర్లుంటుంది. కంటికి కావాల్సింది 0.05 మిల్లీలీటరు. కాబట్టి ఒక సీసాను చిన్న చిన్న సిరంజిల్లోకి పంచి చాలామందికి వాడతారు. దీనివల్ల ఖర్చు బాగా తగ్గుతుంది, పేదలకు వైద్యం అందుతుంది. కానీ పంచేచోట శుభ్రత తప్పితే ఒక్క తప్పు పదిమంది కళ్లకు చేరుతుంది.

ఇలాంటివి జరిగాయి కూడా. 2010లో షాంఘైలో నకిలీ అవాస్టిన్ వేసినందువల్ల పదుల మంది కళ్లు వాచాయి. 2011లో ఫ్లోరిడాలో ఒక ఫార్మసీ పంచిన సిరంజిల వల్ల 12 మందికి స్ట్రెప్టోకాకస్ ఇన్ఫెక్షన్ వచ్చింది. 2023లో పాకిస్తాన్‌లోని పంజాబ్‌లో ఇలా పంచిన మందు వల్లే ఎంతోమంది చూపు పోయింది. ఈ మూడు చోట్లా కీడు మందులోనే దాగుంది. డాక్టరు చేతి నైపుణ్యం దాన్ని ఆపలేదు. అలాంటి మందు ఒకే రోజు రెండు కళ్లలోకీ వెళ్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఒక్క కంట్లోకే వెళ్తే రెండోది మిగులుతుంది.

అందుకే ఈ రంగంలో అనుభవమున్నవాళ్లంతా పాటించే నియమం ఒకటుంది. ఒకేరోజు రెండు కళ్లకూ వేసేటప్పుడు ఆ రెండింటినీ ఇద్దరు వేర్వేరు రోగుల కళ్లలాగే చూడాలి. అంటే:

• ఒక్కో కంటికీ విడిగా పోవిడోన్ అయోడిన్, అంటే బెటాడిన్ చుక్కలు వేసి, రెప్పలు శుభ్రం చేయాలి.

• రెప్పలు తెరిచిపట్టే క్లిప్పు, సూది, సిరంజి, కప్పే గుడ్డ, గ్లవుజులు మొదటి కన్ను కాగానే మార్చేయాలి.

• మందు వేర్వేరు సీసాల నుంచి రావాలి. వీలైతే వేర్వేరు బ్యాచ్ నంబర్ల నుంచి.

• మొదటి కంటికి ఏమైనా తేడా జరిగితే, ఉదాహరణకు లెన్సుకు గీత పడినా, కంట్లో రక్తం వచ్చినా, ఆ రోజుకు రెండో కన్ను ఆపేయాలి.

బెటాడిన్ మంటను భరించండి

ఇన్ఫెక్షన్‌ను ఆపే ఆయుధాల్లో అన్నిటికన్నా నమ్మదగ్గది బెటాడిన్. ముందూ వెనకా వేసే యాంటీబయాటిక్ చుక్కల వల్ల పెద్ద లాభం లేదని అధ్యయనాలు చెబుతున్నాయి. కాబట్టి "చుక్కలు రాయలేదేంటి?" అని డాక్టరుతో వాదించనక్కర్లేదు. బెటాడిన్ మాత్రం కన్ను మండిస్తుంది. రెండు కళ్లకూ వేస్తే రెట్టింపు చిరాకు. "అది వద్దండి, తట్టుకోలేను" అని బతిమాలేవాళ్లున్నారు. ఆ మాట అనకండి. సూది కన్నా ముందు అది పడాల్సిందే. మంట ఎక్కువైతే పని అయ్యాక బాగా కడగమని అడగండి, అది సబబైన కోరిక.

ఇంకొక అపోహ. రొయ్యలు, చేపలు తింటే దద్దుర్లు వచ్చేవాళ్లు తమకు అయోడిన్ పడదనుకుంటారు. ఆ దద్దుర్లకు కారణం అందులోని ప్రొటీన్లు. రొయ్యలు పడనివాళ్లకు బెటాడిన్ వేయకూడదన్న నియమమేమీ లేదు. నిజంగానే బెటాడిన్ వల్ల ఇదివరకు ఒంటి మీద బొబ్బలొచ్చి ఉంటే అది ముందే చెప్పాలి.

జాగ్రత్త పడాల్సిన మరో విషయం నోరు. మన నోట్లో స్ట్రెప్టోకాకస్ జాతి క్రిములుంటాయి. మాట్లాడితే, దగ్గితే తుంపర్లతో అవి సూది మీదా కంటి మీదా పడొచ్చు. డాక్టరు మాస్కు వేసుకునేది, ఆ రెండు నిమిషాలు మౌనంగా ఉండేది ఇందుకే. మీరూ ఏమీ అడగకండి. ప్రశ్నలన్నీ బల్ల ఎక్కకముందే అయిపోవాలి. తుమ్మో దగ్గో వచ్చేటట్టుంటే చెయ్యి కొద్దిగా ఎత్తి సైగ చేయండి.

ఎవరు ఆగాలి?

ఒకేరోజు పద్ధతి అందరికీ కాదు. కింది వాటిలో ఏదున్నా డాక్టరుకు ముందే చెప్పాలి.

కంటి కలక, రెప్పమీద కురుపు, రెప్పల అంచున పొట్టు ఉంటే ముందు అది తగ్గాలి. కంటి మూల ముక్కు వైపు నొక్కితే నీరో చీమో వస్తుంటే కన్నీటి సంచిలో ఇన్ఫెక్షన్ ఉన్నట్టు. ఎప్పుడూ నీళ్లు కారే కంటిని మనం పెద్దగా పట్టించుకోం, సూదికి ముందు మాత్రం పట్టించుకోవాలి.

ఈ మూడు నెలల్లో గుండెపోటుగానీ పక్షవాతంగానీ వచ్చి ఉంటే అడగందే చెప్పండి. కంట్లో వేసిన మందు కొంత రక్తంలోనూ కలుస్తుంది. రెండు కళ్లకు వేస్తే రెండింతలు. రానిబిజుమాబ్ రక్తంలోంచి త్వరగా పోతుంది. బెవాసిజుమాబ్, అఫ్లిబర్సెప్ట్ ఎక్కువ రోజులుంటాయి. మందు ఎంపికలో, రెండు కళ్ల మధ్య ఎడం పెట్టడంలో డాక్టరు దీన్ని లెక్కలోకి తీసుకుంటారు. గర్భవతులు, గర్భం కోసం చూస్తున్నవాళ్లు కూడా ముందే చెప్పాలి.

జీవితంలో మొదటి ఇంజెక్షన్ అయితే ముందు ఒక కంటికే వేసి, మందు ఎలా పడుతుందో చూడటం మంచి పద్ధతి. కొత్త మందుకు మారుతున్నప్పుడూ అంతే. బ్రోల్యుసిజుమాబ్ అనే మందు 2019లో అమెరికాలో వచ్చింది. 2020లో అది కొందరిలో రెటీనా రక్తనాళాలను వాపెక్కిస్తోందని బయటపడింది. క్రిములు లేకపోయినా వచ్చే ఇలాంటి వాపు మందుతోనే వస్తుంది. కాబట్టి రెండు కళ్లలోనూ ఒకేసారి రావచ్చు.

నెలలు నిండకుండా పుట్టిన పిల్లల సంగతి దీనికి భిన్నం. వాళ్లకు రెటీనా జబ్బు సాధారణంగా రెండు కళ్లలోనూ వస్తుంది, రోజుల్లో ముదురుతుంది. ఇంజెక్షన్ అవసరమైతే చాలాచోట్ల రెండు కళ్లకూ ఒకేరోజు వేస్తారు. ఆ పసిగుడ్డును మళ్లీ మళ్లీ కదిలించడమే ప్రమాదం కాబట్టి. అక్కడా "ఇద్దరు రోగులు" నియమం మారదు. మీ ఇంట్లో తక్కువ బరువుతో, నెలలు నిండక పుట్టిన బిడ్డ ఉంటే 30 రోజుల్లోపే కంటి పరీక్ష చేయించాలన్నది మరిచిపోకండి.

అడగడం నేర్చుకుందాం

"డాక్టరును అడిగితే ఏమనుకుంటారో" అన్న మొహమాటమే ఈ విషయంలో మనకు పెద్ద అడ్డు. అడిగే తీరులో అనుమానం ఉంటే ఎదుటివాళ్లు ముడుచుకుంటారు. అదే తెలుసుకోవాలన్న కోరిక వినిపిస్తే విడమరిచి చెబుతారు. ఇలా అడిగి చూడండి.

"సార్, రెండు కళ్లకీ వేరే సీసాలోంచి మందు తీస్తారా? బ్యాచ్ నంబర్ల స్టిక్కర్లు నా ఫైల్లో అంటిస్తారా?"

"మేడమ్, మా అమ్మకు పోయిన నెల స్టెంటు వేశారు. రెండింటికీ ఒకేసారి వేయొచ్చా, ఎడం పెట్టాలా?"

"రాత్రిపూట నొప్పి వస్తే ఏ నంబరుకు ఫోన్ చేయాలి? ఆదివారం కూడా ఎవరైనా చూస్తారా?"

మూడు ప్రశ్నలకూ కలిపి రెండు నిమిషాలు పట్టదు. సీసాలు వేరుగా దొరకవని నిజాయితీగా చెబితే, "అయితే రెండోది వారం తర్వాత వేయించుకుంటానండీ" అనండి. వారం ఎందుకంటే, మొదటి కంట్లో ఇన్ఫెక్షన్ వచ్చేదుంటే చాలావరకు ఆలోపే బయటపడుతుంది. మందు ఖర్చు ప్రభుత్వ ఆరోగ్య కార్డు కింద వస్తుందా లేదా అన్నది ఆస్పత్రిలో ఆ పథకం పని చూసే ఆరోగ్యమిత్రను ముందే అడిగి కనుక్కోండి. రెండు ఇంజెక్షన్ల డబ్బు ఒకేసారి కట్టలేక సగంలో ఆగిపోవడం కన్నా, ముందే ఎడం పెట్టుకోవడం నయం.

ఆ రోజూ, ఆ వారమూ

ఒక కంటికి వేస్తే రెండో కంటితో నెట్టుకొస్తాం. రెండింటికీ వేసిన సాయంత్రం రెండూ మసకే. తోడు లేకుండా వెళ్లకండి. బండి నడపొద్దు. ఇంట్లో ఒంటరిగా ఉండేవాళ్లు ఆ రాత్రికి ఎవరినైనా పిలుచుకోండి. అది కుదరకపోతే డాక్టరుతో చెప్పి రెండు కళ్లకూ వేర్వేరు రోజులు పెట్టించుకోండి.

కొన్ని మార్పులు చూసి బెదిరిపోవద్దు. సూది పడ్డచోట తెల్లగుడ్డు మీద ఎర్రటి రక్తపు మరక ఉండొచ్చు. పది రోజుల్లో దానంతటదే పోతుంది. చూపులో చిన్న నల్లచుక్కలు, బుడగలు తేలొచ్చు, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. ఇసుక పడ్డట్టు గరుకుగా ఉండటం బెటాడిన్ పని.

మంచికీ చెడుకీ తేడా పట్టే సూత్రం ఒకటే: నొప్పి ఏ దిక్కుగా పోతోంది? బెటాడిన్ మంట మొదటి సాయంత్రం ఎక్కువుండి, తెల్లారేసరికి తగ్గుముఖం పడుతుంది. ఇన్ఫెక్షన్ నొప్పి మొదటి రోజు ఉండకపోవచ్చు. రెండో రోజో మూడో రోజో మొదలై గంటగంటకూ పెరుగుతుంది. నొప్పి, ఎరుపు, వెలుతురు భరించలేకపోవడం, చూపు తగ్గడం, ఈ నాలుగింటిలో ఏది పెరుగుతున్నా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. మెరుపులు కనిపించినా, చూపుకు ఒక పక్క తెర పడ్డట్టున్నా అంతే. "రేపు చూద్దాం" అన్న మాటకు ఇక్కడ చోటు లేదు. మందుల షాపులో ఏదో చుక్కల మందు కొనుక్కుని వేసుకోవడం అంతకన్నా ప్రమాదం.

రెండు కళ్లకూ వేసినప్పుడు పోల్చుకోవడానికి మంచి కన్ను మిగలదు. ఒక కన్ను మెల్లగా మసకబారినా రెండోది దాన్ని కప్పేస్తుంది. కాబట్టి వారం రోజులపాటు పొద్దున్నే ఒక పరీక్ష పెట్టుకోండి. గోడమీది క్యాలెండర్‌కు ఎప్పుడూ ఒకే దూరంలో నిలబడండి. అద్దాలు వాడేవాళ్లు పెట్టుకునే ఉండండి. ఒక కన్ను అరచేత్తో, నొక్కకుండా మూయండి. పెద్ద అంకె కనిపిస్తోందా, దాని కింద తిథి అక్షరాలు కనిపిస్తున్నాయా చూసుకోండి. తర్వాత రెండో కన్ను. నిన్న చదవగలిగింది ఈరోజు చదవలేకపోతే ఫోన్ చేయండి.

కొన్ని రోజులు కళ్లలో నీళ్లు పడనివ్వకండి, తలస్నానం వాయిదా వేయండి. ఎన్నాళ్లన్నది మీ డాక్టరు చెబుతారు. నలపొద్దు, కాటుక పెట్టొద్దు. కళ్లంలో దుమ్ముకూ, కట్టెల పొయ్యి పొగకూ దూరంగా ఉండండి. షుగర్, బీపీ మందులు ఆపకండి. అవి అదుపు తప్పితే కంట్లో ఎన్ని సూదులు వేసినా వాపు తిరిగొస్తూనే ఉంటుంది.

ఈ వారం చేయాల్సిన పని

మీ కంటి ఫైలు తీసి మొదటి పేజీలో నాలుగు విషయాలు రాసుకోండి. ఏ కంటికి ఏ మందు, ఏ తేదీన, ఏ బ్యాచ్. రాత్రిపూట పలికే ఆస్పత్రి ఫోన్ నంబరు. తర్వాతి ఇంజెక్షన్ తేదీ. ఆ రోజు తోడొచ్చే మనిషి పేరు. మొదటిదాంట్లో కుడి, ఎడమ కళ్లకు రెండు వేర్వేరు బ్యాచ్ నంబర్లు కనిపిస్తే మీ ఆస్పత్రి జాగ్రత్త పాటించిందని తెలుస్తుంది. ఒకే నంబరుంటే తప్పు జరిగిందని కాదు. సీసాలైనా వేరేవా అని వచ్చేసారి బల్ల ఎక్కకముందు అడగాల్సిన ప్రశ్న మీకు దొరికినట్టు. నాలుగోదాంట్లో పేరు లేకపోతే ఈరోజే ఎవరికైనా ఫోన్ చేసి ఒప్పించండి. తోడు దొరక్క ఆగిపోయిన ప్రయాణం వల్ల చూపు తగ్గినా, ఆ నష్టం ఏ ఇన్ఫెక్షన్ లెక్కలోనూ కనిపించదు.